జార్జ్ హారిసన్ పాటలు: కార్డ్స్ అన్నీ సరిగ్గానే పట్టినా ఆయనలా ఎందుకు వినపడదు?

కేపో_కిట్టు
ఏడో ఫ్రెట్ (గిటార్ మెడ మీది అడ్డ కమ్మీ) మీద కేపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కి పట్టే క్లిప్), డి షేప్ (డి కార్డ్ పట్టే వేళ్ళ అమరిక), అంతా నెట్‌లో ఉన్నట్టే. అయినా ‘హియర్ కమ్స్ ద సన్’ రికార్డులోలా రావట్లేదు. సన్నగా, బొమ్మ గిటార్ వాయించినట్టు ఉంది. పైగా పై తీగలు శ్రుతిలో నిలవవు. ఒక్క గిటార్‌తో ఈ పాట అసలు అయ్యే పనేనా? ఇదొక్కటే కాదు, ఈ బీటిల్స్ బ్యాండ్ గిటారిస్టు హారిసన్ పాటలు ఏవి తీసుకున్నా కాగితం మీద నాలుగైదు కార్డ్సే (కలిపి మోగించే స్వరాలే). వాయిస్తే మాత్రం ఆ మనిషి వినపడడు. ఎక్కడ తేడా కొడుతోంది?

పన్నెండు_తీగలు
శ్రుతి, సన్నదనం, రెండూ వేరు వేరు సమస్యలు.

ముందు శ్రుతి. కేపో లేకుండా ట్యూన్ చేసి తర్వాత బిగిస్తే తీగలన్నీ కాస్త పైకి పోతాయి, అదీ ఒక్కోటీ ఒక్కో మోతాదులో. కాబట్టి కేపో పెట్టాకే ట్యూనర్ చూడాలి. కేపోని గడి మధ్యలో కాకుండా ఫ్రెట్ కమ్మీకి ఆనుకునేంత దగ్గరగా పెట్టండి. బర్రుమనకుండా ఉండేంత బిగువు చాలు, ఇంకా బిగిస్తే ఇంకా పైకి పోతుంది. ట్యూన్ చేసేటప్పుడు తీగని కొద్దిగా దించి, కింది నుంచి పైకి తెచ్చి ఆపాలి. తర్వాత ఒకసారి వేలితో తీగని మెల్లగా లాగి వదిలి మళ్ళీ చూడాలి. ఎందుకంటే తీగ కేపో రబ్బరు కింద పట్టుకుపోతుంది. ట్యూనర్ సరే అన్నా రెండు నిమిషాల్లో జారుతుంది.

ఇంకోటి, ఏడో ఫ్రెట్ దాటాక గడి వెడల్పు మొదటి గడిలో మూడింట రెండొంతులే. అక్కడ డి షేప్ పడితే మూడు వేళ్ళూ ఇరుక్కుని తీగని పక్కకి తోస్తాయి. పై తీగలు అపశ్రుతి పోవడానికి సగం కారణం అదే.

ఇక సన్నదనం. కేపో ఏడులో ఉంటే డి కార్డ్ ఆధారమైన నాలుగో తీగ ఏ స్వరం పలుకుతుంది, అంటే 220 హెర్ట్జ్. అంతకన్నా కింద గిటార్ మీ దగ్గర లేనట్టే లెక్క. రికార్డులో ఆ కింది భాగాన్ని పాల్ మెకార్ట్‌నీ బేస్, ఆర్కెస్ట్రా, హారిసనే వాయించిన మూగ్ సింథసైజర్ నింపాయి. ఒక్క గిటార్‌తో అది రాదు. ఎవరు వాయించినా రాదు.

కేపో_కిట్టు
అంటే చేతులెత్తేయడమేనా?

పన్నెండు_తీగలు
కాదు. అన్ని తీగలూ ఒకేసారి గీకడం మానండి. ఆ డి షేప్‌లో మొదటి తీగ మీద రెండో ఫ్రెట్ ఉంది కదా, ఆ వేలు తీస్తే ఒక స్వరం, చిటికెన వేలు మూడో ఫ్రెట్ మీద వేస్తే ఇంకో స్వరం. పాట వరస అక్కడే నడుస్తోంది. బొటనవేలు నాలుగో తీగ మీద, పిక్ లేదా వేళ్ళు పై మూడు తీగల మీద. ట్యూన్ వినపడాలి, కార్డ్ దాని వెనక ఉండాలి. మిగతా షేపులు జి, ఏ సెవెన్, పల్లవిలో ఈ సెవెన్. కేపో వల్ల వినపడేది ఏ, డి, ఈ సెవెన్, బి సెవెన్. 1965లో ‘ఇఫ్ ఐ నీడెడ్ సమ్‌వన్’కీ ఇదే ఏడో ఫ్రెట్, ఇదే డి షేప్, కాకపోతే పన్నెండు తీగల రికెన్‌బ్యాకర్ గిటార్ మీద. ఆయనకి ఈ చోటు బాగా ఇష్టం.

తకధిమి
మధ్యలో వచ్చే ఆ తిరుగుడు భాగంలోనే చాలామంది పడిపోతారు. నాలుగు లెక్కపెట్టుకుంటూ వాయిస్తే కుదరదు. మొత్తం 26 చిన్న మాత్రలు: 11, 8, 7. మొదటి 11ని తకిట తకిట తకిట తక అనుకోండి. తర్వాత తకధిమి రెండుసార్లు. తర్వాత తకిట తకధిమి. మళ్ళీ మొదటికి. షేపులు ఎఫ్, సి, జి, డి. గిటార్ పక్కన పెట్టి ముందు చేత్తో తాళం వేసి నోటితో పలకండి, కాలు కదపకండి. కాలు వెంటనే నాలుగులోకి లాగేస్తుంది.

బేస్_బాబాయ్
డ్రమ్మర్ రింగో స్టార్‌కి ఈ పదకొండు, ఏడు లెక్కలు అంకెల్లో చెప్పి ఉంటే ఇంటికి వెళ్ళిపోయేవాడు 😄

పాత_ఎల్పీ
ఈ పాట పుట్టుక కూడా చెప్పుకోవాలి. 1969 వసంతంలో బీటిల్స్ సొంత కంపెనీ యాపిల్‌లో మీటింగ్ ఒకటి ఎగ్గొట్టి, గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ ఇంటికి వెళ్ళి, అక్కడి తోటలో కట్టాడు. జులైలో రికార్డింగ్ మొదలైనప్పుడు బ్యాండ్‌లోని జాన్ లెనన్ లేడు, స్కాట్లండ్‌లో కారు ప్రమాదం జరిగి కోలుకుంటున్నాడు. ఈ పాట ఉన్న ‘అబీ రోడ్’ ఆల్బమ్‌లో హారిసన్‌వి రెండే పాటలు. రెండోది ‘సమ్‌థింగ్’. సింగిల్ రికార్డు ముందు వైపుకి ఎక్కిన ఆయన మొదటి బీటిల్స్ పాట అదే. ఆ గుంపులో చేరి అప్పటికి పదకొండేళ్ళు!

రాధిక_ఆర్
బీటిల్స్‌లో అందరికన్నా చిన్నవాడు కదా (1943 ఫిబ్రవరి 25, లివర్‌పూల్). తమ్ముడి పాట ఎవరు వింటారు? ఆల్బమ్‌కి ఒకటో రెండో. ‘రివాల్వర్’లో మూడు ఇచ్చారంటే అదే పండగ. ఆ ఆల్బమ్‌లో ‘టాక్స్‌మన్’ సోలో వింటే చాలు, లీడ్ గిటారిస్టు అంటే ఏంటో తెలుస్తుంది.

బేస్_బాబాయ్
@రాధిక_ఆర్ ఆ సోలో వాయించింది పాల్ మెకార్ట్‌నీ అమ్మా. పాట హారిసన్‌ది, సోలో పాల్‌ది. అలాగే ‘వైల్ మై గిటార్ జెంట్లీ వీప్స్’లో ఏడ్చేది ఎరిక్ క్లాప్టన్ గిటార్. అందరూ ‘గ్రేట్ గిటారిస్ట్’ అంటున్న రెండు ఉదాహరణల్లోనూ ఆయన చెయ్యి లేదు. పాటలు బాగా కట్టాడు, ఒప్పుకుంటా. గిటారిస్టుగా మాత్రం సగటు.

పాత_ఎల్పీ
బాబాయ్ చెప్పిన రెండు వివరాలూ నిజమే, తేల్చిన మాటే తప్పు. క్లాప్టన్ 1968 సెప్టెంబర్ 6న వచ్చి వాయించాడు. అది మరీ క్లాప్టన్‌లా వినపడుతోందని, బీటిల్స్ రికార్డులో ఇమిడేలా టేపు వేగాన్ని కొద్దిగా ఊపుతూ ఆ గిటార్‌ని వణికించారు. అందుకే ఆ సోలో మామూలు గిటార్‌తో అచ్చుగుద్దినట్టు రాదు. అందులో వాడిన ఎర్ర లెస్ పాల్ గిటార్ క్లాప్టన్ ఆ ఏడాదే హారిసన్‌కి బహుమతిగా ఇచ్చింది, ముద్దుపేరు ‘లూసీ’. 1973లో దొంగలు ఎత్తుకుపోతే, కొన్న మనిషి మెక్సికోలో తేలాడు. వేరే లెస్ పాల్ ఒకటి, ఒక ఫెండర్ ప్రెసిషన్ బేస్ ఇచ్చి విడిపించుకోవాల్సి వచ్చింది.

పన్నెండు_తీగలు
@బేస్_బాబాయ్ సోలో వేగం చూసి గిటారిస్టుకి మార్కులేస్తే హారిసన్ ఎప్పుడూ ఫెయిలే. కిట్టు అడిగిన ‘ఆ మనిషి వినపడడు’కి జవాబు వేరే చోట ఉంది. ఆయన కార్డ్‌లో ఒక్క స్వరాన్ని నడిపిస్తాడు, మిగతావి కదలవు. చూడండి:

‘సమ్‌థింగ్’ మొదట్లో సి, సి మేజర్ సెవెన్, సి సెవెన్, ఎఫ్. మామూలుగా పట్టి గీకితే నాలుగు కార్డ్స్. కానీ అందులో దిగుతున్నది ఒక్క వరస: సి, బి, బి ఫ్లాట్, ఏ. రెండో తీగ మొదటి ఫ్రెట్, రెండో తీగ ఓపెన్, మూడో తీగ మూడో ఫ్రెట్, మూడో తీగ రెండో ఫ్రెట్. మధ్యలో తీగ మారుతుంది, వరస తెగేది అక్కడే. సి సెవెన్ దగ్గర రెండో తీగ గట్టిగా మోగితే కిందికి దిగుతున్న స్వరం మునిగిపోతుంది. కాసేపటికి ఏ మైనర్ దగ్గర అదే పని మళ్ళీ: మూడో తీగ మీద 2, 1, ఓపెన్, ఆ తర్వాత ఎఫ్ షార్ప్.

‘జెంట్లీ వీప్స్’లో అదే దిగుడు బేస్‌లోకి వెళ్ళింది: ఐదో తీగ ఓపెన్, ఆరో తీగ మీద 3, 2, 1. పైన ఏ మైనర్ దాదాపు అలాగే ఉంటుంది.

కాబట్టి ముందు కార్డ్స్ వదిలేసి ఆ ఒక్క వరసే వాయించి, కూనిరాగం తీసి, తర్వాత చుట్టూ కార్డ్ కట్టండి.

మోహనరాగం
దీనికి ఇంకో ఉదాహరణ ‘ఐ వాంట్ టు టెల్ యూ’. ఈ సెవెన్ కార్డ్ మీద ఎఫ్ స్వరం పెట్టి గుచ్చుతాడు. రికార్డులో ఆ ఎఫ్ పాల్ పియానోలో గట్టిగా వినపడుతుంది. గిటార్‌లో తేలిక: మామూలు ఓపెన్ ఈ సెవెన్ పట్టి చిటికెన వేలు మొదటి తీగ మొదటి ఫ్రెట్ మీద పెట్టండి. విన్నవాళ్ళు ‘తప్పు పడింది’ అంటారు, అనాలి కూడా. మాట గొంతు దాకా వచ్చి బయటికి రాని మనిషి పాట అది. ఆ కార్డ్ కనిపెట్టినందుకు ఆయన గర్వపడేవాడు.

బేస్_బాబాయ్
సరే సరే. ‘సగటు’ వెనక్కి తీసుకుని ‘నెమ్మది’ అంటా.

కేపో_కిట్టు
‘సమ్‌థింగ్’ వరస ఒక్కటే వాయించి చూశా. ఇప్పుడు అర్థమవుతోంది. మరి ‘ఎ హార్డ్ డేస్ నైట్’ మొదటి కార్డ్ సంగతేంటి? నెట్‌లో ఒక్కొక్కరు ఒక్కో షేప్ చెప్తున్నారు.

పన్నెండు_తీగలు
ఒక్క గిటార్ కాదు కాబట్టే ఆ గొడవ. హారిసన్ పన్నెండు తీగల రికెన్‌బ్యాకర్ మీద వాయించింది ఎఫ్ కార్డ్, పైన జి. ఆయనే 2001లో చెప్పాడు. అంటే ఎఫ్ పట్టి మొదటి తీగ మూడో ఫ్రెట్ మీద చిటికెన వేలు. కింద పాల్ బేస్‌లో డి. లెనన్ అకూస్టిక్ గిటార్, బీటిల్స్ రికార్డుల నిర్మాత జార్జ్ మార్టిన్ పియానో కూడా కలిశాయి. ఆ డి వినపడకపోతే చెవి ఒప్పుకోదు. ఒంటరిగా వాయించేవాళ్ళకి రాజీ షేప్: ఆరు, ఐదు తీగలు వదిలేయండి, నాలుగోది ఓపెన్, మూడోది 2, రెండోది 1, మొదటిది 3. డి, ఏ, సి, జి వస్తాయి. ఎఫ్ పోతుంది, కానీ పోలిక వస్తుంది.

మామూలు పన్నెండు తీగల గిటార్‌తో వాయించినా పూర్తిగా అదే రంగు రాదు. కింది నాలుగు జతల్లో సాధారణంగా సన్నని పైస్థాయి తీగ ముందు తగులుతుంది, తర్వాత లావుది. రికెన్‌బ్యాకర్‌లో తిరగేసి కడతారు: పిక్ కిందికి దిగితే లావు తీగ ముందు, దాని వెనకే సన్నది. అందుకే స్వరం మొదలు గట్టిగా, తోక మెరుస్తూ ఉంటుంది. 1964 ఫిబ్రవరిలో బీటిల్స్ అమెరికా వెళ్ళినప్పుడు న్యూయార్క్‌లో ఇచ్చారు ఆ గిటార్. ఆ కంపెనీ చేసిన పన్నెండు తీగల వాటిలో రెండోది. శ్రుతి చేసే మీటల్లో ఆరు పక్కకి, ఆరు వెనక్కి తిప్పి అమర్చడం వల్ల తల మామూలు పొడవే ఉంటుంది. ఏ మీట ఏ తీగదో చీకట్లో కూడా తెలుస్తుంది.

పాత_ఎల్పీ
‘ఎ హార్డ్ డేస్ నైట్’ సినిమాలో ఆ గిటార్ చూసి బర్డ్స్ గిటారిస్టు రోజర్ మెగ్విన్ కూడా ఒకటి కొన్నాడు. బర్డ్స్ బ్యాండ్ శబ్దమంతా దాని మీదే నిలబడింది. తర్వాత వాళ్ళ వాయింపు నుంచి హారిసన్ ‘ఇఫ్ ఐ నీడెడ్ సమ్‌వన్’ గిటార్ వరస తీసుకున్నాడు. ఇచ్చిపుచ్చుకోవడం సరిపోయింది.

సితార్_సీత
అసలు సంగతికి ఎవరూ రావట్లేదు. 1965 ఏప్రిల్‌లో ‘హెల్ప్!’ సినిమా షూటింగ్‌లో ఇండియన్ రెస్టారెంట్ సీన్ ఉంది. అక్కడ సితార్ మొదటిసారి చేతిలోకి తీసుకున్నాడు. తర్వాత లండన్‌లో ఇండియాక్రాఫ్ట్ అనే కొట్లో ఒక చవక సితార్ కొన్నాడు. ఆ అక్టోబర్‌లో ‘నార్వీజియన్ వుడ్’. అప్పటికి గురువు లేడు. అందులో వాయించింది మన లెక్కలో సితార్ వాదన కాదు, గిటార్ వరసని సితార్ మీద మీటడం. గమకం లేదు, మీండ్ (స్వరం నుంచి స్వరానికి జారుడు) దాదాపు లేదు. కానీ పాట హరికాంభోజి స్వరాల్లో ఉండి, మధ్య భాగం గాంధారం తగ్గి ఖరహరప్రియ వైపు వెళ్తుంది కాబట్టి సితార్ అతికినట్టు కూర్చుంది.

రికార్డు చేయడం ఇంజనీర్‌కి నరకం. సితార్ మీటగానే శబ్దం ఒక్కసారి ముల్లులా లేస్తుంది, మీటర్ ఎర్ర గీత దాటేస్తుంది, కానీ చెవికి అంత గట్టిగా ఉండదు. లిమిటర్ (శబ్దం ఒక హద్దు దాటకుండా ఆపే పరికరం) పెట్టి ఆ ముల్లు కోసేస్తే, మీటకుండానే తోడుగా మోగే తరఫ్ తీగల మోత చచ్చిపోతుంది. ఇప్పుడు ఇంట్లో రికార్డు చేసేవాళ్ళకీ ఇదే చిక్కు. లెవెల్ బాగా తగ్గించి తీసుకుని తర్వాత పెంచుకోవడమే దారి.

తకధిమి
ఏడాది తిరక్కుండా ఎంత ఎదిగాడో ‘రివాల్వర్’లోని ‘లవ్ యూ టు’ వింటే తెలుస్తుంది. తబలా అనిల్ భగవత్. ఆలాపనలా మొదలై తర్వాత తాళంలోకి వస్తుంది. 1967 ‘వితిన్ యూ వితౌట్ యూ’లో బీటిల్స్ మిగతా ముగ్గురూ లేరు. దిల్‌రుబాలు (కమానుతో వాయించే తీగ వాద్యాలు), తంబురా, తబలా, స్వరమండల్, వాటి మీద జార్జ్ మార్టిన్ రాసిన 8 వయొలిన్లు, 3 చెల్లోలు. వయొలిన్ వాళ్ళకి అసలు పరీక్ష దిల్‌రుబా జారుడుని నొటేషన్ చూసి అనుకరించడం. 

మోహనరాగం
1966 సెప్టెంబర్‌లో బొంబాయి వచ్చి రవిశంకర్ దగ్గర కూర్చున్నాడు, కాశ్మీర్ కూడా వెళ్ళారు. 1968 జనవరిలో మళ్ళీ బొంబాయి, హెచ్‌ఎంవీ స్టూడియో. ‘వండర్‌వాల్ మ్యూజిక్’ ఆల్బమ్ కోసం వచ్చి ‘ది ఇన్నర్ లైట్’ వాద్యభాగం కూడా అక్కడే పూర్తి చేశాడు. శివకుమార్ శర్మ, హరిప్రసాద్ చౌరాసియా, ఆశిష్ ఖాన్ వంటివాళ్ళు వాయించారు. ఆ స్టూడియోకి శబ్దం అడ్డుకునే గోడల్లేవు. ‘వండర్‌వాల్’లో చెవి పెట్టి వింటే కింద టాక్సీలు వెళ్తున్న చప్పుడు దొరుకుతుంది.

రాధిక_ఆర్
అయితే సితార్ ఎందుకు వదిలేశాడు? అంత ఇష్టపడి?

సితార్_సీత
లెక్క వేసుకున్నాడు. చిన్నప్పటి నుంచి రోజుకి గంటల కొద్దీ సాధన చేసినవాళ్ళ పక్కన తను ఎప్పటికీ విద్యార్థేనని తెలిసింది. 1968లో గిటార్‌కి తిరిగొచ్చాడు. కానీ చెవి తిరిగి రాలేదు, అక్కడే ఉండిపోయింది. 1969 చివర్లో స్లైడ్ (వేలికి తొడిగి తీగల మీద జార్చే గొట్టం) పట్టాక ఆ చెవికి పని దొరికింది.

బాటిల్‌నెక్
ఈ మాట కోసమే కాచుకున్నా. సితార్ మీద మీండ్ తీగని పక్కకి లాగితే వస్తుంది. లాగితే స్వరం పైకే పోతుంది. కిందికి రావాలంటే ముందే లాగి పట్టుకుని, మీటి, వదలాలి. స్లైడ్‌కి ఆ ఇబ్బంది లేదు, రెండు వైపులా జారుతుంది. హారిసన్ స్లైడ్‌లో బ్లూస్ వాళ్ళ గరగర ఉండదు. శబ్దం శుభ్రంగా, మొత్తం ముందే కట్టుకున్న వరస, పాడినట్టు. ఆ తేడా సితార్ పాఠాల నుంచి వచ్చిందే.

కేపో_కిట్టు
స్లైడ్ ఎలా మొదలెట్టాలి? ఓపెన్ ట్యూనింగ్ తప్పనిసరా?

బాటిల్‌నెక్
తప్పనిసరి కాదు. మామూలు ట్యూనింగ్‌లో నాలుగు, మూడు, రెండు తీగలు కలిపితే మేజర్ కార్డ్. ఐదో ఫ్రెట్ మీద అడ్డంగా పెడితే సి మేజర్. మూడు, రెండు, ఒకటి కలిపితే మైనర్. అదే ఐదో ఫ్రెట్ మీద ఏ మైనర్. ఈ రెండూ చాలు, మిగతాది ఒంటి తీగ మీద వరస.

చేయాల్సినవి:
తీగలు 11 సెట్ (మొదటి తీగ మందం 0.011 అంగుళం) కన్నా సన్నవి వద్దు. 9 సెట్ మీద స్లైడ్ బరువుకే తీగ కుంగి ఫ్రెట్‌కి తగిలి టకటకమంటుంది. యాక్షన్ (ఫ్రెట్‌ల నుంచి తీగల ఎత్తు) కొంచెం పెంచాలి.
స్లైడ్ సరిగ్గా ఫ్రెట్ కమ్మీ పైన ఉండాలి, వేలు పెట్టినట్టు గడి మధ్యలో కాదు. ఎక్కువమంది శ్రుతి తగ్గి వినపడడానికి ఇదే కారణం.
తీగని నొక్కకూడదు, తాకాలి.
స్లైడ్ వెనక ఉన్న చూపుడు వేలు తీగల మీద తేలికగా ఆనించి ఉంచండి. లేకపోతే స్లైడ్‌కి, నట్‌కి (మెడ చివర తీగలు ఆనే పట్టీ) మధ్య తీగ కూడా మోగి ఈగలు ముసిరినట్టు ఉంటుంది.
కుడిచేతి వేళ్ళతో వాయించని తీగలన్నీ మూయాలి. స్లైడ్‌లో వాయించడం సగం, మూయడం సగం.

‘మై స్వీట్ లార్డ్’లో వినపడే జంట స్లైడ్ ఒకే గిటార్ కాదు. ఒక వరస రికార్డు చేసి, దాని పైన ఇంకో వరస మళ్ళీ ఆయనే వాయించాడు. ఇంట్లో చేసేవాళ్ళు పడిపోయేది కంపనం దగ్గర. రెండు ట్రాకుల్లో వణుకు వేగం కలవకపోతే శ్రుతి సరిగ్గా ఉన్నా అపశ్రుతిలా వినపడుతుంది. రెండోది వాయించేటప్పుడు మొదటిది హెడ్‌ఫోన్‌లో గట్టిగా పెట్టుకోండి, జారుడు మొదలయ్యే చోటు, ఆగే చోటు కలపండి.

కేపో_కిట్టు
ఆ పాటకి కార్డ్స్?

బాటిల్‌నెక్
కేపో రెండు. ఈ మైనర్, ఏ అటూ ఇటూ. తర్వాత డి, బి మైనర్. వినపడేది ఈ స్కేల్. పాట మధ్యలో ఒక మెట్టు పైకెక్కి ఎఫ్ షార్ప్‌కి వెళ్తుంది, అక్కడ కేపో జరపడానికి సమయం ఉండదు, ఈ మేజర్ షేప్‌తో ఎక్కండి.

బేస్_బాబాయ్
ఆ పాట పేరెత్తారు కదా, కోర్టు వాళ్ళు వచ్చేస్తారు చూడండి.

కోర్టుపక్షి
వచ్చేశా. 1970 చివర్లో ‘ఆల్ థింగ్స్ మస్ట్ పాస్’ మూడు ఎల్పీల ఆల్బమ్‌తో పాటు ‘మై స్వీట్ లార్డ్’ వచ్చింది, విడిపోయిన బీటిల్స్‌లో మొదటి నంబర్ వన్ సింగిల్. 1971 ఫిబ్రవరిలో బ్రైట్ ట్యూన్స్ అనే కంపెనీ కేసు వేసింది, షిఫాన్స్ అనే బృందం పాడిన 1963 నాటి ‘హీ ఈజ్ సో ఫైన్’ని కాపీ కొట్టాడని. 1976లో జడ్జి రిచర్డ్ ఓవెన్ తీర్పు: కావాలని కొట్టలేదు, తెలియకుండా మనసులో ఉన్నది బయటికొచ్చింది, అయినా కాపీయే. లెక్క తేల్చిన పరిహారం 15,99,987 డాలర్లు.

తర్వాతిది అన్యాయం. కేసు మొదట్లో హారిసన్ తరఫున ఆ కంపెనీతో బేరమాడిన మేనేజర్ ఆలెన్ క్లైన్. తర్వాత ఇద్దరికీ చెడింది. క్లైన్ 1978లో అదే బ్రైట్ ట్యూన్స్‌ని 5,87,000 డాలర్లకి కొనేసి తన పాత క్లయింట్ మీదే కేసు నడిపాడు. 1981లో జడ్జి, నువ్వు దీని మీద లాభం తీసుకోవడానికి వీల్లేదు, కొన్న ధరే నీకు వస్తుంది, హక్కులు హారిసన్‌కి ఇచ్చెయ్, అన్నాడు.

మోహనరాగం
తీర్పులో సంగీతం భాగం మన స్వరాల్లో రాస్తే నవ్వొస్తుంది. మొదటి ముక్క ప గ రి. రెండో ముక్క ప ద స ద స. రెండూ కలిపితే ఉన్న స్వరాలు స రి గ ప ద. అంటే మోహనం! ప్రపంచంలో జానపదం, చర్చి పాట, లాలిపాట సగం ఈ ఐదు స్వరాల్లోనే ఉన్నాయి. ఇది ఒక కంపెనీ సొత్తు ఎలా అవుతుంది?

కోర్టుపక్షి
@మోహనరాగం స్వరాల కోసం కాదు ఓడింది. వరస కోసం. షిఫాన్స్ పాటలో మొదటి ముక్క నాలుగుసార్లు, తర్వాత రెండో ముక్క నాలుగుసార్లు. హారిసన్ పాటలో మొదటిది నాలుగు, రెండోది మూడు, నాలుగో దాని చోట దాదాపు అంతే పొడవున్న వేరే ముక్క. పైగా రెండో ముక్కలో ఒక చోట రిషభం తగిలించి ప ద స ద రి స అంటారు. ఆ అలంకారం రెండు పాటల్లోనూ ఉంది. రాగం ఒకటైతే ఎవరూ అడగరు. సంగతి కూడా ఒకటే అయితే అడుగుతారు.

మోహనరాగం
ఆ రి ఒక్కటే నన్ను నోరు మూయిస్తోంది. అయినా హారిసన్ ‘ఓ హ్యాపీ డే’ మనసులో పెట్టుకుని మొదలెట్టానని కోర్టులో చెప్పాడు. హరే కృష్ణ, హల్లెలూయా రెండూ ఒకే కోరస్‌లో కూర్చోబెట్టాలన్న ఆలోచన ఆయనదే, దాన్ని ఎవరూ కాపీ అనలేదు.

రాధిక_ఆర్
డబ్బు గొడవల్లో బంగ్లాదేశ్ కచేరీ సంగతి కూడా ఉంది కదా? డబ్బంతా పోయిందంటారు.

పాత_ఎల్పీ
పోలేదు, ఇరుక్కుంది. 1971 ఆగస్టు 1, న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్, మధ్యాహ్నం ఒక కచేరీ, రాత్రి ఇంకో కచేరీ, మొత్తం సుమారు 40,000 మంది. బంగ్లాదేశ్ శరణార్థుల సాయానికి పెట్టమని అడిగింది రవిశంకర్. కుదిర్చింది కొద్ది వారాల్లో. టికెట్ల మీద వచ్చిన 2,43,418 డాలర్ల 50 సెంట్లు యూనిసెఫ్‌కి వెంటనే చేరాయి. ఇరుక్కుంది ఆల్బమ్, సినిమాల డబ్బు. కచేరీకి ముందే యూనిసెఫ్‌ని నిర్వాహకులుగా కాగితాల మీద పెట్టి పన్ను మినహాయింపు అడగలేదు. దాంతో అమెరికా పన్నుశాఖ ఏళ్ళ తరబడి ఆపేసింది. 1985 నాటికి సుమారు 1.2 కోట్ల డాలర్లు చేరాయి, కానీ ఆకలి 1971లో కదా. సాయం కోసం కచేరీ పెట్టే ఎవరైనా ముందు చూసుకోవాల్సింది గాయకుల్ని కాదు, ఖాతా ఎవరి పేరు మీద ఉందో.

సితార్_సీత
అదే కచేరీలో రవిశంకర్, అలీ అక్బర్ ఖాన్ శ్రుతి చేసుకుంటుంటే జనం చప్పట్లు కొట్టేశారు. శ్రుతే ఇంత నచ్చితే వాదన ఇంకా నచ్చుతుందని ఆశిస్తున్నా అన్నట్టు రవిశంకర్ చురక వేశాడు. ఎల్పీలోనే ఉంది.

బేస్_బాబాయ్
డబ్బు లెక్కల్లో ఆయనది అదో జాతకం. మాంటీ పైథాన్ అనే హాస్య బృందం సినిమా ‘లైఫ్ ఆఫ్ బ్రయన్’కి ఈఎంఐ కంపెనీ వెనక్కి తగ్గితే ఇల్లు తాకట్టు పెట్టి డబ్బు పెట్టాడు, కారణం సినిమా చూడాలనిపించడం. ఆ దెబ్బతోనే ఆయన సినిమా కంపెనీ హ్యాండ్‌మేడ్ ఫిల్మ్స్ పుట్టింది. సినిమా ఆడింది. చివరికి భాగస్వామి డెనిస్ ఓబ్రయన్ మీద కేసు, 1996లో 1.16 కోట్ల డాలర్ల తీర్పు.

రాధిక_ఆర్
‘క్వయట్ బీటిల్’ అని ఎవరన్నారో గానీ ఇన్ని కేసులేంటి బాబూ 😂

పాత_ఎల్పీ
చివరి పదేళ్ళు మాత్రం నిజంగానే తగ్గించేశాడు. 1991 డిసెంబర్‌లో క్లాప్టన్‌తో జపాన్ టూర్, ఆ తర్వాత పెద్ద టూర్లు లేవు. 1996లో మద్రాసులోనూ తన ఫ్రయర్ పార్క్ ఇంట్లోనూ రవిశంకర్ ‘చాంట్స్ ఆఫ్ ఇండియా’కి నిర్మాతగా కూర్చున్నాడు. 2001 నవంబర్ 29న లాస్ ఏంజెలెస్‌లో క్యాన్సర్‌తో పోయాడు, 58 ఏళ్ళు. సగంలో ఉన్న ‘బ్రెయిన్‌వాష్డ్’ని కొడుకు ధని, సంగీతకారుడు జెఫ్ లిన్ పూర్తి చేసి మరుసటేడు విడుదల చేశారు. పేరు చూడండి, ధ, ని. అది కూడా సరిగమల్లోదే.

కేపో_కిట్టు
స్లైడ్ నేర్చుకోవడానికి ఆయన సొంత ఆల్బమ్స్ కాకుండా వేరే వాళ్ళ పాటల్లో వాయించినవి చెప్పండి. సోలో ఒక్కటే విడిగా వినపడాలి.

బాటిల్‌నెక్
బ్యాడ్‌ఫింగర్ బ్యాండ్ ‘డే ఆఫ్టర్ డే’తో మొదలెట్టండి. నిర్మాత కూడా హారిసనే, ఆ బ్యాండ్ గాయకుడు పీట్ హామ్‌తో కలిసి జంట స్లైడ్. వరస నెమ్మది, రెండు చెవుల్లోకీ శుభ్రంగా వస్తుంది. తర్వాత లెనన్ ‘హౌ డూ యూ స్లీప్’, అందులో ఆయన అరుదుగా కోపంగా వాయించాడు. మూడోది 1989 నాటి బెలిండా కార్లైల్ ‘లీవ్ ఎ లైట్ ఆన్’. చుట్టూ సింథసైజర్ల పాప్, మధ్యలో ఆ స్లైడ్ రాగానే రెండు సెకన్లలో ఎవరో తెలిసిపోతుంది. సోలోని సగం వేగంలో పెట్టి, ముందు జారుడు లేకుండా ఏ స్వరాల మీద ఆగుతున్నాడో అవే రాసుకోండి, తర్వాత జారుడు కలపండి. వరస తెలియకుండా జారితే అన్నీ ఒకేలా వినపడతాయి.

బేస్_బాబాయ్
@బాటిల్‌నెక్ ఆ మూడోది ఇప్పుడే పెట్టి విన్నా. రెండు సెకన్లు కూడా పట్టలేదు.